చీకటి గదిలో ఆకుపచ్చ వెలుగు: ఆల్బర్ట్ కూన్స్ వ్యాసం చదివిన తరువాత

ఈసారి పరిచయం చేయదలచుకున్నది పుస్తకం కాదు, కొద్ది పేజీల వ్యాసం. 1961లో అమెరికాలోని ‘జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీ’లో అచ్చయింది. ‘ఇమ్యునోఫ్లోరసెన్స్ ఆరంభాలు’ అని దాని శీర్షికను తెలుగు చేసుకోవచ్చు. రచయిత హార్వర్డ్ వైద్య కళాశాలలో జీవితమంతా పనిచేసిన ఆల్బర్ట్ కూన్స్. పాతికేళ్ళుగా నేను ఈయన కనిపెట్టిన పద్ధతి మీద ఆధారపడి రోగులకు వారి జబ్బు పేరు చెబుతున్నాను. ఆయన పేరు మాత్రం నాకు ఏభై దాటిన తరువాతనే తెలిసింది. వైద్య విద్యలో మనకు పద్ధతులను నేర్పుతారు. వాటి వెనుక మనుషులను నేర్పరు.

నేను ఇంగ్లండులోని ఒక ఆసుపత్రిలో మూత్రపిండాల వైద్యుణ్ణి. మూత్రంలో రక్తం, ప్రోటీను కనిపించిన రోగి కిడ్నీ నుంచి సూదితో అగ్గిపుల్లకన్న సన్నని ముక్క తీస్తాం. అందులో ఒక భాగాన్ని మామూలు మైక్రోస్కోపు కింద చూస్తారు. ఒక భాగం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు వెళుతుంది. మూడవ భాగాన్ని గడ్డకట్టించి, పల్చగా కోసి, ఫ్లోరసీన్ అనే రంగు తగిలించిన యాంటీబాడీ ద్రవంలో కొంతసేపు ఉంచి, కడిగి, చీకటి గదిలో నీలికాంతి కింద చూస్తారు. నల్లటి నేపథ్యంలో, గ్లోమెరులస్ అనే రక్తనాళాల ఉండలో, చెట్టు కొమ్మల్లా చీలిన ఆకుపచ్చ వెలుగు కనిపిస్తే అది ‘ఐజీఏ నెఫ్రోపతీ’. పారిస్‌లో జాఁ బెర్జే, నికోల్ ఆంగ్లే 1968లో ఈ జబ్బును మొదటిసారి వర్ణించారు. అంతకు ముందు ఆ రోగులు లేరని కాదు. మామూలు రంగులతో చూస్తే ఆ కిడ్నీ మరో పది జబ్బుల కిడ్నీలాగే ఉంటుంది. ఆ వెలుగును చూసే సాధనం లేకపోతే ఆ జబ్బుకు పేరే లేదు.

ఈ దేశం వచ్చిన కొత్తలో, శిక్షణలో ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం అటువంటి స్లైడు చూసి నేను ఉత్సాహంగా నా తీర్పు చెప్పేశాను. ఒక చిన్న ధమని గోడలో మెలికలు తిరిగిన ఆకుపచ్చ గీత స్పష్టంగా వెలుగుతున్నది. ఇక్కడ యాంటీబాడీ పట్టుకున్నది అన్నాను. పక్కన ఉన్న వృద్ధ టెక్నీషియన్ స్కాట్లండు మనిషి, పదవీ విరమణకు దగ్గర పడినవాడు. ఆయన ఏమీ అనకుండా మరో స్లైడు తెచ్చి పెట్టాడు. అదే కిడ్నీ, అదే కోత. దానికి ఏ యాంటీబాడీ పూయలేదు, ఏ రంగూ వేయలేదు. అదే ధమని, అదే మెలికల గీత, అదే ఆకుపచ్చ వెలుగు! ధమని గోడలోని ఎలాస్టిన్ పొర తనంతట తానే వెలుగుతుందని ఆ రోజు తెలుసుకున్నాను. నా తీర్పు కాగితం మీదికి ఎక్కలేదు గనుక బతికిపోయాను. ఎక్కివుంటే ఆ రోగి అక్కరలేని స్టిరాయిడ్లు మింగివుండేవాడేమో.

కూన్స్ వ్యాసం చదువుతూ ఆ సాయంత్రం పదేపదే గుర్తుకు వచ్చింది. ఎందుకంటే ఈ పద్ధతి చరిత్ర మొదటినుంచీ ఆ పొరపాటు చుట్టూనే తిరిగింది.

ప్రతిదీప్తి, అంటే ఫ్లోరసెన్స్, అన్న మాటకు పెద్ద అర్థమేమీ లేదు. ఒక రంగు కాంతిని మింగి, వెంటనే మరో రంగు కాంతిని వదలడం. మలేరియాకు ఇచ్చే క్వినైన్ కలిపిన నీటిని ఎండలో పట్టుకుంటే అంచున లేత నీలి మెరుపు కనిపిస్తుంది. 1852లో కేంబ్రిడ్జిలో జార్జి స్టోక్స్ దీనిని లోతుగా పరిశీలించి, బయటికి వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం లోపలికి వెళ్ళిన కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎక్కువ అని చెప్పాడు. ఫ్లోరసెన్స్ అన్న పేరు కూడా ఆయన పెట్టినదే. ఈ ఒక్క వాక్యం మీదనే ఈ మైక్రోస్కోపు అంతా నిలబడివుంది. లోపలికి పంపే కాంతికి ఒక గాజు, బయటికి వచ్చే కాంతికి మరో గాజు. మొదటి గాజు వదిలినదాన్ని రెండవ గాజు పూర్తిగా ఆపాలి. అలా ఆపగలిగితే కంటికి చేరేది వస్తువు తానుగా ఇచ్చిన కాంతి మాత్రమే. పగలు కనిపించని నక్షత్రం రాత్రి కనిపించినట్టు, చుట్టూ చీకటి ఉండడం వల్లనే ఆ చుక్క కనిపిస్తుంది.

విచిత్రమేమంటే మైక్రోస్కోపు నిర్మాతలకు ఇది మొదట ఒక బెడద. జెనా నగరంలోని జైస్ సంస్థలో ఆగస్ట్ కోలర్ 1904లో అతినీలలోహిత కాంతితో పనిచేసే మైక్రోస్కోపును తయారుచేశాడు. కాంతి తరంగం ఎంత పొట్టిదైతే అంత సూక్ష్మమైన వివరం కనిపిస్తుందన్నది ఆయన ఆశ. కానీ చూడబోయిన వస్తువులే వెలగడం మొదలుపెట్టి బొమ్మను పాడుచేశాయి. ఆ చెడగొట్టే వెలుగునే పనికి వాడుకుందామన్న ఆలోచన కొన్నేళ్ళకు వచ్చింది. 1911 నుంచి 1913 లోపల వియన్నాలో, జెనాలో మొదటి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపులు తయారయ్యాయి. సహజంగా వెలిగే వస్తువులు కొన్నే కాబట్టి వెలగనివాటికి వెలిగే రంగులు వేయడం తరువాతి అడుగు. వియన్నాకు చెందిన మాక్స్ హైటింగర్ 1930లలో ఈ పనిని ఒక శాస్త్రంగా నిలబెట్టాడు. ‘ఫ్లోరోక్రోమ్’ అన్న మాట ఆయనది. క్షయ క్రిములకు ఆరమైన్ అనే పసుపు రంగు వేసి చీకటిలో చూసే పద్ధతి కూడా ఆ దశాబ్దం చివరలో జర్మనీ నుంచి వచ్చినదే. మన ఊళ్ళలో కఫం పరీక్ష అంటే ఎర్రరంగు వేసి వేడి చేసే పాత పద్ధతే చాలాకాలం నడిచింది. చిన్న ఎల్‌ఈడీ దీపాలు వచ్చిన తరువాతనే ఆరమైన్ పరీక్ష జిల్లా ఆసుపత్రుల దాకా చేరగలిగింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని సిఫారసు చేసింది. ఎనభై ఏళ్ళ కిందటి ఆలోచన పేదవాడి కఫం డబ్బా దగ్గరకు చేరడానికి పట్టిన కాలం అది.

ఇక్కడ ఒక చేదు ప్రకరణం ఉంది. దాటవేయడానికి మనసొప్పడం లేదు. 1929లో హైడెల్‌బర్గ్‌లో ఫిలిప్ ఎలింగర్ అనే ఫార్మకాలజిస్టు, ఆగస్ట్ హిర్ట్ అనే శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు కలిసి, కాంతిని కింద నుంచి కాక పైనుంచి, చూసే కటకం గుండానే పంపే మైక్రోస్కోపును జైస్ వారి సాయంతో తయారుచేశారు. దానివల్ల మందమైన అవయవాన్ని కోయనవసరం లేదు. కప్పకు ఫ్లోరసీన్ ఎక్కించి, అది బతికివుండగానే దాని మూత్రపిండంలో రంగు ఎలా వడకట్టబడుతున్నదో చూశారు. నా శాఖవాడిగా ఆ వర్ణన చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. మేము పాఠంలో గీసే బొమ్మను వాళ్ళు కళ్ళారా చూశారు!

నాలుగేళ్ళలో నాజీలు అధికారానికి వచ్చారు. ఎలింగర్ యూదుడు. 1933లో ఉద్యోగం పోగొట్టుకుని లండను చేరి, లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో మిగిలిన జీవితం గడిపాడు. హిర్ట్ అదే సంవత్సరం ఎస్‌ఎస్‌లో చేరాడు. ఆక్రమిత స్ట్రాస్‌బర్గ్‌లో ప్రొఫెసరై, ఖైదీల మీద మస్టర్డ్ వాయువు ప్రయోగాలు చేశాడు. 1943 ఆగస్టులో, ఎముకల ‘సేకరణ’ కోసమని ఆష్విట్జ్ నుంచి తెప్పించిన 86 మంది యూదులను నాట్స్‌వైలర్ శిబిరంలో చంపించాడు. యుద్ధం ముగిసిన కొద్ది వారాలకు ఆత్మహత్య చేసుకున్నాడు. ఈరోజు ఏ లాబులో చూసినా కాంతి పైనుంచే వస్తుంది. పాఠ్యపుస్తకాల చరిత్ర అధ్యాయాల్లో ఆ ఇద్దరి పేర్లూ ఒకే వాక్యంలో, ఒక ‘మరియు’తో కలిపి కనిపిస్తాయి.

కూన్స్ వ్యాసం 1939 వేసవిలో, యుద్ధానికి కొద్ది వారాల ముందు, బెర్లిన్‌లో మొదలవుతుంది. వైద్య పట్టా పుచ్చుకుని రెండేళ్ళయిన ఇరవై ఏడేళ్ళ యువకుడు. సెలవు మీద వచ్చి, ఆ నగరంలో ఒంటరిగా తిరుగుతూ, గదిలో కూర్చుని ఆలోచిస్తూ ఉంటాడు. ఆయనను పట్టి పీడిస్తున్న ప్రశ్న రుమాటిక్ జ్వరం గురించి. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకోకస్ క్రిమి వల్లనే ఆ జ్వరం వస్తుందని అప్పటికే చాలామంది నమ్మారు. మరి గుండె కండరంలో అషాఫ్ బొడిపెలు అనే చిన్న చిన్న మచ్చలు ఎందుకు? క్రిమి అక్కడ ఉండదు. అయితే క్రిమి తాలూకు పదార్థమేదైనా అక్కడ చేరివుందా? ఉన్నదని చూపడమెలా? ఆ పదార్థాన్ని మాత్రమే గుర్తుపట్టి అంటుకునేది లోకంలో ఒక్కటే ఉంది, దాని యాంటీబాడీ. యాంటీబాడీ కంటికి కనిపించదు. దానికి కనిపించే బిళ్ళ ఒకటి తగిలిస్తే?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల ప్రశ్న కాదు. హౌస్‌సర్జన్సీ రోజుల్లో మా ఆంధ్రాలోని ఆసుపత్రి వార్డులో రుమాటిక్ గుండెజబ్బు లేని రోజు లేదు. పదకొండేళ్ళ పిల్ల ఒకతి, ఆయాసంతో పడుకోలేక, రాత్రంతా తల్లి భుజానికి ఆనుకుని కూర్చునేది. “కీళ్ళ నొప్పులు ఎప్పుడో తగ్గిపోయాయి గదా డాక్టరు బాబూ, ఇప్పుడు గుండె అంటారేంటి?” అని ఆ తల్లి నన్ను అడిగింది. మూడు వారాలకొక పెన్సిలిన్ ఇంజెక్షను క్రమం తప్పకుండా వేయించమని చెప్పాను గాని, ఆమె అడిగినదానికి జవాబు నా దగ్గర లేదు. గొంతులో పడిన క్రిమి గుండెను ఎందుకు పాడుచేస్తుంది? కూన్స్‌ది సరిగ్గా ఆ తల్లి ప్రశ్నే. అమెరికాలో ఆ జబ్బు మాయమై దశాబ్దాలయింది. అక్కడి వైద్య విద్యార్థికి అది ఇప్పుడు ఒక పరీక్షాంశం. అందువల్లనే కాబోలు, ఇమ్యునోఫ్లోరసెన్స్ ఒక గుండెజబ్బు కోసం పుట్టిందన్న సంగతి అక్కడ కూడా చాలామందికి గుర్తులేదు.

యాంటీబాడీకి రంగు తగిలించడం కూన్స్ సొంత ఆలోచన కాదు. ఇంగ్లండులో జాన్ మర్రాక్ 1934లోనే ఎర్రరంగు తగిలించి చూపాడు. పరీక్షనాళికలో అది బాగుంది. కణజాలంలో యాంటీబాడీ చేరేది అతి స్వల్పం, ఆ కాస్త ఎరుపు కంటికి ఆనదు. బోస్టన్‌కు తిరిగివచ్చిన కూన్స్‌కు హార్వర్డ్ రసాయన శాస్త్రజ్ఞులు దారి చూపారు. మామూలు రంగు కాదు, వెలిగే రంగు వాడు. వెలుతురులో మచ్చ వెతకడం కన్న చీకటిలో మిణుగురును వెతకడం తేలిక. 1941లో హ్యూ క్రీచ్, నార్మన్ జోన్స్‌లతో కలిసి ఆయన న్యుమోకాకస్ యాంటీబాడీకి ఆంత్రసీన్ జాతి రంగు ఒకటి తగిలించాడు. యాంటీబాడీ తన గుణం పోగొట్టుకోలేదు. అది అంటుకున్న క్రిములు నీలంగా వెలిగాయి.

అయితే కణజాలం మీద వేసేసరికి ఆట తిరగబడింది. ఎలుక కణజాలం కూడా ఆ కాంతిలో తనంతట తాను నీలంగానే వెలుగుతుంది. నీలంలో నీలాన్ని వెతకాలి! నేను ఎలాస్టిన్‌ను చూసి మోసపోయినది, ఆయనకు అరవై ఏళ్ళ ముందే ఎదురైంది. కూన్స్ ఏడాది లోపల రంగు మార్చాడు. ఫ్లోరసీన్‌ను ఐసోసయనేట్‌గా మార్చి తగిలించాడు. ఆ ఆకుపచ్చ, కణజాలపు నీలం నుంచి విడివడి కనిపించింది. 1942లో, న్యుమోకాకస్ సోకిన ఎలుకల అవయవాలలో ఆ క్రిమి పదార్థం ఏ కణాలలో చేరిందో చూపిన వ్యాసం అచ్చయింది. ఒక పదార్థం కణజాలంలో ఎక్కడ ఉన్నదో యాంటీబాడీ ద్వారా కళ్ళతో చూడడం అదే మొదలు. ఆ వెంటనే కూన్స్ సైన్యంలో చేరాడు. యుద్ధం ముగిసేదాకా ఆ పని అలా ఆగిపోయింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. అదే హార్వర్డ్ వైద్య కళాశాలలో 1940 వరకు పనిచేసి, తరువాత లెడర్లీ సంస్థకు వెళ్ళిన మన భీమవరపు బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు గదా. ఆయన పరిశోధనాధిపతిగా ఉండగా లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ మట్టి నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ జాతిలో అది మొదటి మందు. సుబ్బారావు ఆ ఏడు ఆగస్టులోనే కన్నుమూశాడు. ఆ జాతి మందులు అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా వెలుగుతాయని, కొత్తగా ఏర్పడుతున్న ఎముకలో చేరి అక్కడే నిలిచిపోతాయని 1957లో బయటపడింది. ఈనాటికీ మేము కిడ్నీ జబ్బు వల్ల ఎముకలు చెడిన రోగికి కొన్ని రోజుల ఎడంతో రెండుసార్లు టెట్రాసైక్లిన్ ఇచ్చి, తుంటి ఎముక నుంచి ముక్క తీసి, చీకటిలో చూస్తాం. రెండు పసుపు గీతలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరాన్ని రోజులతో భాగిస్తే ఎముక పెరిగే వేగం తెలుస్తుంది. సుబ్బారావు మీద తెలుగులో ఎన్నో వ్యాసాలు చదివాను గాని, ఆ ఇంటి మందు ఒక కొలబద్ద కూడా అయిందన్న మాట వాటిలో కనబడలేదు.

తిరిగి కూన్స్ దగ్గరకు. యుద్ధం నుంచి వచ్చాక ఆయన చేసిన పనిలో నాకు అన్నిటికన్న గొప్పదిగా తోచేది కొత్త రంగు కాదు, అనుమానాల పట్టిక. మెల్విన్ కాప్లాన్ అనే యువ సహచరుడితో కలిసి 1950లో ఆయన ప్రకటించిన పద్ధతిలో సగం భాగం, కనిపించిన వెలుగును నమ్మకుండా ఉండడమెలాగో చెబుతుంది. రంగు తగిలించిన యాంటీబాడీలో కొంత భాగం ప్రతిదానికీ ఊరికే అంటుకుంటుంది. అందుకని ముందుగా ఎండబెట్టి పొడిచేసిన కాలేయంతో దానిని కలిపి, అంటుకునే గుణమున్నదంతా ఆ పొడికి అంటుకుపోయేలా చేసి, మిగిలినదే వాడాలి. తరువాత, రంగు లేని అదే యాంటీబాడీని ముందు పూసి, చోటంతా నింపి, ఆ పైన రంగుది పూయాలి. అప్పుడు వెలుగు తగ్గాలి. తగ్గకపోతే మొదట చూసిన వెలుగు అబద్ధం. జబ్బు లేని జంతువు కణజాలం మీద వేసి చూడాలి. మరో క్రిమి యాంటీబాడీతో చూడాలి. ఏమీ వేయకుండా చూడాలి. మా స్కాట్లండు టెక్నీషియన్ నాకు చూపించింది ఈ చివరిదే. ఆయన కూన్స్‌ను చదివాడో లేదో నేను అడగలేదు. చేతి నుంచి చేతికి వచ్చిన విద్య అది.

తరువాతి మెట్టు మరింత తెలివైనది. ఒక్కొక్క యాంటీబాడీకి విడివిడిగా రంగు తగిలించడం శ్రమ, ఖర్చు. ఫ్లోరసీన్ ఐసోసయనేట్ తయారీకి ఫాస్‌జీన్ అనే విషవాయువు కావాలి. 1954లో థామస్ వెల్లర్‌తో కలిసి కూన్స్ ఆటలమ్మ వైరస్ మీద పనిచేస్తూ, రోగి రక్తంలోని యాంటీబాడీని రంగు లేకుండానే ముందు పూసి, ఆ పైన ‘మనిషి యాంటీబాడీలన్నిటినీ పట్టుకునే’ రంగు యాంటీబాడీ ఒక్కదానిని పూశాడు. ఇక ఒకే రంగు సీసా వెయ్యి ప్రశ్నలకు సరిపోతుంది. లూపస్ అనుమానంతో మీ రక్తం ఎప్పుడైనా ‘ఏఎన్‌ఏ’ పరీక్షకు పంపివుంటే, దాని మూలం ఇదే. 1958లో అమెరికాలోనే రిగ్స్, ఆయన సహచరులు ఫాస్‌జీన్ అవసరం లేని ఐసోథయోసయనేట్‌ను తెచ్చారు. ఇప్పుడు ఏ లాబు ఫ్రిజ్ తెరిచినా కనిపించే ‘ఫిట్సీ’ అదే. 1967లో నెదర్లాండ్స్‌లో యోహాన్ ప్లూమ్ ఒక రంగును వెనక్కి కొట్టి మరో రంగును వదిలే డైక్రోయిక్ అద్దాన్ని కటకానికి వెనుక ఏటవాలుగా నిలబెట్టి, పైనుంచి కాంతి పంపే మార్గాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చాడు. మీట జరిపితే రంగు మారుతుంది. అంతకు ముందు కార్బన్ ఆర్క్ దీపాన్ని ఊదుతూ, తుడుస్తూ, దిద్దుకుంటూ చూసినవాళ్ళ ఓపికకు నమస్కరించాలి.

ఇంతకీ ఆ గుండె సంగతి? కూన్స్ వెతికినది దొరకలేదు. అషాఫ్ బొడిపెలలో స్ట్రెప్టోకోకస్ పదార్థాన్ని ఆయన పద్ధతి చూపించలేదు. చూపించినది వేరొకటి, చూపించినవాడు కాప్లాన్. రుమాటిక్ జ్వరంతో చనిపోయిన పిల్లల గుండె కండరంలో ఆయనకు ఆకుపచ్చగా కనిపించినది క్రిమి కాదు, ఆ పిల్లల సొంత యాంటీబాడీలు. స్ట్రెప్టోకోకస్‌కు, మనిషి గుండె కండరానికి మధ్య పోలిక ఉన్నదని, ఒకదాని యాంటీబాడీ రెండవదానికి అంటుకుంటున్నదని 1960ల తొలి సంవత్సరాలలో ఆయన ప్రకటించాడు. శరీరం శత్రువును గుర్తుపెట్టుకుని, పోలికను చూసి సొంతవాణ్ణి కొట్టడం. కథ అంతటితో ముగియలేదు; గుండె కవాటాలను పాడుచేయడంలో టి కణాలకు పెద్ద పాత్ర ఉన్నదని ఆ తరువాత తేలింది. అయినా ఆ పదకొండేళ్ళ పిల్ల తల్లికి నేను చెప్పవలసివుండిన జవాబులో మొదటి వాక్యం కాప్లాన్‌ది. నేను హౌస్‌సర్జనుగా ఉండేనాటికి ఆ వ్యాసాలు అచ్చయి పాతికేళ్ళు దాటింది. మా పాఠాలలో పేరు ఉంది, జోన్స్ లక్షణాల పట్టిక ఉంది, ఆ బొమ్మ మాత్రం లేదు.

ఆ తరువాతి కాలంలో ఈ విద్య వైద్యుల చేతి నుంచి జీవశాస్త్రజ్ఞుల చేతికి జారింది. ఆ కథ చాలామందికి తెలుసు. జెల్లీచేపలో ఒసాము షిమొమురా 1960ల తొలి రోజుల్లో చూసిన ఆకుపచ్చ ప్రోటీను, దాని జన్యువును 1992లో విడదీసి, పరిశోధనకు డబ్బు అందక ఆ జన్యువును అడిగినవారికి పంచి, చివరికి అలబామాలో కార్ల దుకాణం వ్యాను నడుపుకున్న డగ్లస్ ప్రాషర్, ఆ జన్యువుతో 2008లో నోబెల్ అందుకున్న మార్టిన్ చాల్ఫీ, రోజర్ చెన్. షిమొమురాకు కూడా ఆ బహుమతిలో భాగం దక్కింది. నాకు ఆ కథలో ఒక చిన్న సంగతి ఇష్టం. చాల్ఫీ దగ్గర ఘియా యూస్కిర్చెన్ అనే విద్యార్థిని ఆ జన్యువును బాక్టీరియాలో పెట్టింది. తమ లాబులోని మైక్రోస్కోపు అందుకు చాలినది కాదు. ఆమె తాను అంతకు ముందు పనిచేసిన ఇంజనీరింగు విభాగానికి వెళ్ళి అక్కడి మంచి మైక్రోస్కోపులో చూసింది. బాక్టీరియా ఆకుపచ్చగా వెలుగుతున్నది. సరైన మైక్రోస్కోపు ఏ గదిలో ఉన్నదో ఆ పిల్లకు తెలిసివుండకపోతే, వెలిగే బాక్టీరియాను ‘వెలగలేదు’ అని రాసి పారేసివుండేవారు. వెలగనిది వెలిగినట్టు కనిపించడం నా పొరపాటు. వెలిగేది కనిపించకపోవడం దానికి అన్నగారు.

ఇప్పుడు పరిశోధకులకు ఈ చూపును నేర్పే బడులు వచ్చాయి. మసాచుసెట్స్‌లోని వుడ్స్ హోల్‌లో షిన్యా ఇనుయే వంటివారు 1980ల నుంచి నడిపిన మైక్రోస్కోపీ తరగతులు వాటిలో ప్రసిద్ధమైనవి. అక్కడికి వచ్చేవారిలో ప్రొఫెసర్లు కూడా ఉంటారట. మైక్రోస్కోపును విప్పి కటకాలను తమ చేతులతో మళ్ళీ అమర్చవలసిందే. అటువంటి చోట్ల చెప్పే పాఠాలు విడిగా చూస్తే చిన్నవే. కాంతి ఊరికే రాదు. ప్రతి చూపుకూ రంగు కొంత వెలిసిపోతుంది, బతికివున్న కణమైతే కొంత చనిపోతుంది. కనుక ముందు తక్కువ కాంతితో చోటు వెతుక్కోవాలి. రెండు రంగులు వేస్తే ఒకదాని వెలుగు రెండవదాని కిటికీలోకి తొంగిచూస్తుంది. అందువల్ల ఒక్కొక్క రంగునే వేసిన స్లైడులు విడిగా ఉండాలి. జబ్బుదీ ఆరోగ్యానిదీ ఒకే వెలుగు మోతాదులో, ఒకే సమయంలో ఫొటో తీయాలి. కంప్యూటరులో ఒకదాన్ని పెంచి మరొకదాన్ని వదిలేయడం ఈనాటి పత్రికలు తిప్పికొట్టే వ్యాసాల్లో తరచు కనిపించే దోషం. కూన్స్ కాలేయపు పొడితో చేసిన పనినే వీళ్ళు మీటలతో చేస్తున్నారు.

ఆయన వ్యాసంలో నన్ను కొంత నిరుత్సాహపరచినది ఒకటుంది. ఆ వేసవి బెర్లిన్ గురించి ఆయన దాదాపు ఏమీ చెప్పడు. అప్పటికి ఎలింగర్ ఆ దేశం విడిచి ఆరేళ్ళు. హిర్ట్ ఎస్‌ఎస్‌లో ఉన్నాడు. వీధుల్లో నడుస్తున్న యువ వైద్యుడు ఏమి చూశాడో, ఏమి చూడలేదో చదవాలని నాకు ఉండినది. శాస్త్ర పత్రికలో దానికి చోటు లేదనుకున్నాడేమో.

పోయిన నెల మా యూనిట్‌కు ఒక కొత్త రిజిస్ట్రారు వచ్చింది, వరంగల్ వైపు అమ్మాయి. బయాప్సీ సమావేశానికి ముందు చీకటి గదిలోకి తీసుకువెళ్ళి, ఏమీ వేయని స్లైడును మొదట పెట్టాను. చాలాసేపు చూసింది. “ఇది పాజిటివే కదా సార్?” అన్నది. నేను జవాబు చెప్పకుండా రెండవ స్లైడు కోసం ట్రే వైపు చెయ్యి చాచాను.